ఎం.ఎ. ఫ్రెంచ్: మూడో సెమిస్టర్‌లో ఫ్రాంకోఫోన్ పేపర్ తీసుకోవాలా, వద్దా?

కాకినాడ_పిల్ల
అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఎం.ఎ. ఫ్రెంచ్ చేస్తున్నాను, మొదటి సంవత్సరం అయిపోవచ్చింది. ఇంటర్లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న బ్యాచ్ మాది. తర్వాత నిజంగానే ఇష్టం పుట్టి ఇక్కడిదాకా వచ్చాను.

వచ్చే సెమిస్టర్‌కి రెండింట్లో ఒక ఆప్షనల్ ఎంచుకోవాలి. ఒకటి 19వ శతాబ్దపు ఫ్రెంచ్ నవల: బాల్జాక్, ఫ్లోబేర్, జోలా. రెండోది ఫ్రాంకోఫోన్ సాహిత్యం, అంటే ఫ్రాన్స్ బయటివాళ్ళు ఫ్రెంచ్‌లో రాసినది: ఆఫ్రికా, కరీబియన్, అల్జీరియా, క్యుబెక్, అన్నీ కలిపి ఒకే పేపర్. "జోలా చదవకుండా ఫ్రెంచ్ ఎం.ఎ. ఏంటి" అంటున్నారు కొందరు సీనియర్లు. "ఫ్రాంకోఫోన్ ఈజీ, చిన్న పుస్తకాలు, మార్కులు పడతాయి" అంటున్నారు ఇంకొందరు. నాకు ఆ ఈజీ అన్న మాట దగ్గరే టెన్షన్. పీహెచ్‌డీ ఆలోచన ఉంది. ఫ్రెంచ్ భాషా పరీక్షల్లో బి2 స్థాయి పాసయ్యాను, దాని పైది సి1 ఇంకా రాయలేదు. చదివినవాళ్ళు చెప్పండి.

నిజాంపేట_నాని
చెల్లీ, సూటిగా చెప్తాను, ఏమనుకోకు. ఏ పేపర్ తీసుకున్నా ఉద్యోగంలో ఎవడూ అడగడు. నేను ఫ్రెంచ్‌లో కస్టమర్ సపోర్ట్ చేస్తున్నాను. ఇంటర్వ్యూలో నన్ను బాల్జాక్ గురించీ అడగలేదు, ఆఫ్రికా గురించీ అడగలేదు. ఫోన్‌లో అవతలివాడు వేగంగా మాట్లాడితే అర్థమవుతోందా లేదా, అంతే చూశారు. ఏది తక్కువ కష్టమో అది తీసుకుని, ఆ మిగిలిన టైంలో సి1 రాసెయ్.

పాతమాస్టారు
అమ్మాయీ, ఈజీ అని చెప్పినవాళ్ళు ఆ పరీక్ష రాసి ఉండొచ్చు గానీ ఆ పుస్తకాలు చదివి ఉండరు. కరీబియన్ దీవి మార్టినీక్ కవి ఎమే సెజేర్ దీర్ఘకవిత "కయే దెన్ రెతూర్ ఓ పెయీ నతాల్" 1939లో మొదటిసారి ఒక పత్రికలో వచ్చింది. పట్టుమని వంద పేజీలుండదు. కానీ వృక్షశాస్త్రం నుంచి, వైద్యం నుంచి, లాటిన్ నుంచి మాటలు తెచ్చి కుమ్మరిస్తాడు. పెద్ద నిఘంటువు లేకుండా పేజీ కదలదు. బాల్జాక్ నవల ఎంత లావున్నా కథ మనల్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

అయినా తీసుకోమనే నా సలహా. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ సాహిత్యం సిలబస్ చివర్లో, టైముంటే చెప్పే యూనిట్‌గా ఉండేది. విద్యార్థులకు మిగిలేది నెగ్రిట్యూడ్ (నల్లజాతి ఆత్మగౌరవ సాహిత్య ఉద్యమం) అన్న ఒక్క మాట, మూడు పేర్లు. ఆ మూడు పేర్ల వెనక ఉన్నది నీలాంటి విద్యార్థుల కథే. సెనెగల్ నుంచి సెంఘోర్, మార్టినీక్ నుంచి సెజేర్, ఫ్రెంచ్ గయానా నుంచి దమాస్ చదువుకోవడానికి ప్యారిస్ వచ్చి కలిశారు. 1935లో సెజేర్, సెంఘోర్ "ఎత్యూదియాఁ న్వార్" అనే విద్యార్థి పత్రికలో రాశారు. సెంఘోర్ అదే ఏడాది ఫ్రెంచ్ వ్యాకరణంలో అగ్రెగాసియోఁ, అంటే టీచర్ల ఎంపికకు పెట్టే కఠినమైన పరీక్ష పాసై, తూర్ పట్టణంలో ఫ్రెంచి పిల్లలకే వాళ్ళ భాష పాఠాలు చెప్పాడు. 1948లో ఆయన కూర్చిన కవితా సంకలనానికి సార్త్ర్ ముందుమాట రాశాడు. 1960లో సెనెగల్ అధ్యక్షుడు, 1983లో ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికైన మొదటి ఆఫ్రికన్. ఇదంతా నోట్స్‌లో నాలుగు వాక్యాలు. మరి తన వాళ్ళను అణిచిన వాళ్ళ భాషలో ఆ మనిషి అంత పాండిత్యం సంపాదించి, అందులోనే ఎందుకు కవిత్వం రాశాడు? ఆ పేపర్ చదవాల్సింది ఈ ప్రశ్న పట్టుకుని.

ఒక మాట. కాలక్రమంలో చదవొద్దు. సెజేర్‌తో మొదలుపెడితే రెండో వారానికి పారిపోతావు. మరియామా బా రాసిన "యూన్ సి లోంగ్ లెత్ర్" (1979) తో మొదలుపెట్టు. చిన్న నవల. భర్త పోయిన ఆడమనిషి స్నేహితురాలికి రాసే ఉత్తరం. ఆ భర్త తన కూతురి స్నేహితురాలినే రెండో పెళ్ళి చేసుకుని ఉంటాడు. భాష తేట. కానీ ఆమె దేన్ని క్షమిస్తోంది, దేన్ని క్షమించడం లేదు అన్నది చివరిదాకా తేలదు.

లియోన్_లలిత
మాస్టారు చెప్పిన క్రమం బావుంది. నేను ఫ్రాన్స్‌లో మాస్టర్స్ చేశాను కాబట్టి ఇక్కడ పరీక్షలో ఏం అడుగుతారో చెప్తాను. పీహెచ్‌డీ అంటున్నావు కదా, పనికొస్తుంది.

మనకు స్కూల్లో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించేవారు గుర్తుందా? ఇక్కడి "ఎక్స్‌ప్లికాసియోఁ ద తెక్స్త్" దానికి దగ్గరి చుట్టం. ఒక పేజీ ఇచ్చి, ఆ పేజీలోనే ఉండమంటారు. రచయిత ఎక్కడ పుట్టాడు, ఎన్ని అవార్డులొచ్చాయి అన్నవి ఎవరికీ అక్కర్లేదు. మనవాళ్ళు మొదటి రెండు పేజీలు జీవితచరిత్రతో నింపి అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. కామూ నవల "లెత్రాంజే" (1942) తీసుకో. నవలలకు అలవాటైన భూతకాల రూపం పాసే సాంప్ల్ వదిలేసి, మామూలు జనం మాట్లాడుకునే భూతకాలం పాసే కొంపోజేలో కథానాయకుడు మెర్సో చేత కథ చెప్పించాడు. అలా చేస్తే వాక్యాలు ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా ఎలా నిలబడ్డాయో చూపించగలిగితే నీ పేపర్ సగం గట్టెక్కినట్టే.

అహ్మదు కురుమా ఇంకా మంచి ఉదాహరణ. ఐవరీ కోస్ట్ రచయిత. "లే సొలేయ్ దెజ్ ఎందెపాందాన్స్" లో ఫ్రెంచ్ వాక్యం ఆయన మాతృభాష మలింకె నడకలో నడుస్తుంది. ప్యారిస్ ప్రచురణకర్తలు వద్దన్నారు. 1968లో మాంట్రియల్‌లో అచ్చయింది. ప్యారిస్‌లో సయ్ సంస్థ వేసింది 1970లో. కాబట్టి "చిన్న పుస్తకం, ఈజీ" అన్నవాళ్ళకు కురుమా మొదటి అధ్యాయం ఇచ్చి, తప్పెక్కడుందో, శైలి ఎక్కడుందో విడదీయమను.

పుస్తకాలపురుగు
నాకు మొదటినుంచీ ఆ పేపర్ పేరు మీదే పేచీ. సామ్యూల్ బెకెట్ ఐర్లండ్ వాడు. ఇయొనెస్కో రుమేనియాలో పుట్టాడు. కుందేరా చెక్. ముగ్గురూ "ఫ్రెంచ్ సాహిత్యం" అల్మారాలోనే ఉంటారు. సెజేర్ పుట్టిన మార్టినీక్ 1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక దెపార్త్‌మాఁ, మన జిల్లా లాంటిది. ఆయన దశాబ్దాలు ఫ్రెంచ్ పార్లమెంటు సభ్యుడు, 1945 నుంచి 2001 దాకా ఫోర్-ద-ఫ్రాన్స్ మేయర్. ఆయన మాత్రం "ఫ్రాంకోఫోన్". ఇందులో రంగు తప్ప ఇంకేం కొలబద్ద ఉందో ఎవరైనా చెప్పండి.

2007లో 44 మంది రచయితలు "ల మోంద్" పత్రికలో ఇదే అడిగారు. ఫ్రాంకోఫోన్ అన్న విభజనే వద్దు, ఫ్రెంచ్‌లో రాసే ప్రపంచ సాహిత్యం అందాం అన్నారు. మరీజ్ కోందే, గ్లిసాన్, ల క్లేజియో, మబాంకూ అందరూ సంతకం పెట్టారు. ఇన్నేళ్ళయినా మన సిలబస్‌లో మాత్రం అదే ఒక పేపర్, ఐదు ఖండాలు.

లియోన్_లలిత
> ఇందులో రంగు తప్ప ఇంకేం కొలబద్ద ఉందో

కోపం న్యాయమే. కానీ ఆ అల్మారా తీసేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. అందరినీ కలిపేస్తే ఇరవయ్యో శతాబ్దపు పేపర్‌లో ప్రూస్త్, సార్త్ర్, కామూ, ద్యూరాస్ అయ్యేసరికి సెమిస్టర్ అయిపోతుంది. కురుమాకు చోటెక్కడ? వేరే అల్మారా అవమానమే, కానీ ఆ పుస్తకాలు తరగతిలోకి వచ్చింది ఆ దారినే. ఫ్రాన్స్‌లో కూడా చాలా డిపార్ట్‌మెంట్లలో ఇది ఒకటి రెండు కోర్సులే. గ్లిసాన్ న్యూయార్క్‌లో, కోందే కొలంబియా యూనివర్సిటీలో, ఆసియా జెబార్ ఎన్.వై.యూ.లో పాఠాలు చెప్పారు. మబాంకూ యూ.సీ.ఎల్.ఏ.లో. ఈ సబ్జెక్టుకు పెద్దపీట వేసింది ప్యారిస్ కాదు, అమెరికా క్యాంపస్‌లు.

పుస్తకాలపురుగు
ఒప్పుకోను లలిత గారూ. చోటు లేదంటే సిలబస్ మార్చాలి గానీ మనుషుల్ని వేరే గదిలో కూర్చోబెట్టడమేంటి?

సరే, అల్జీరియాకే వద్దాం. కామూ 1913లో అల్జీరియాలో పుట్టాడు, ఆ ఊళ్ళు, ఆ ఎండ, ఆ సముద్రమే రాశాడు. కతెబ్ యాసీన్ కూడా అల్జీరియా వాడే, "నెజ్మా" 1956లో వచ్చింది. ఒకరు ఫ్రెంచ్, ఇంకొకరు ఫ్రాంకోఫోన్. "లెత్రాంజే" లో మెర్సో చంపినవాడికి పేరే లేదు, నవలంతా "అరబ్" అనే. 2013లో కమెల్ దావూద్ ఆ చచ్చిపోయినవాడికి మూసా అని పేరు పెట్టి, అతని తమ్ముడి చేత కథ చెప్పించాడు. అల్జీరియాలో వేసిన ఆ పుస్తకం, తర్వాత ఫ్రాన్స్‌లో వచ్చి 2015లో గోంకూర్ వాళ్ళ తొలి నవల బహుమతి తెచ్చుకుంది. ఈ రెండూ రెండు పేపర్లలో పెడితే విద్యార్థికి ఏం తెలుస్తుంది? పక్కపక్కన పెట్టి చదవాలి.

పాతమాస్టారు
పక్కపక్కన పెట్టాలన్నది నిజం. అయితే ఆ జంటతో ఒక ప్రమాదం ఉంది, పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. పిల్లలు దావూద్‌ని చదివి కామూని దోషిగా నిలబెట్టేసి, అక్కడితో వ్యాసం ముగిస్తారు. 1939లో అల్జీరియా కొండప్రాంతం కబీలియాలో కరువు మీద అల్జీర్స్ పత్రికకు వరసగా రిపోర్టులు రాసింది ఆ కామూనే. గడ్డి వేళ్ళు తిని బతుకుతున్న వాళ్ళ గురించి రాశాడు. అది రాసిన మనిషి నవలకొచ్చేసరికి ఆ అరబ్బుకు పేరు పెట్టలేదంటే, వ్యాసం అక్కడ మొదలవ్వాలి. దావూద్ కూడా కామూని కొట్టిపారేయలేదు. తమ్ముడు హరూన్ చివరికి ఎవరిలా మాట్లాడుతున్నాడో గమనిస్తే తెలుస్తుంది.

ఆసియా జెబార్‌ని మరిచిపోకండి. "లామూర్, లా ఫాంతాజియా" (1985) లో 1830 దండయాత్ర మీద ఫ్రెంచ్ సైనికాధికారులు రాసుకున్న రాతల్ని తీసుకుని, వాటి సందుల్లోంచి అల్జీరియా ఆడవాళ్ళ గొంతులు వినిపించింది. చరిత్ర, ఆత్మకథ, నవల మూడూ కలిసిపోతాయి. కష్టమైన పుస్తకం. నా మట్టుకు నాకు ఆ పేపర్ మొత్తంలో అదే గొప్పది.

మాంట్రియల్_మంచు
అందరూ ఆఫ్రికా గురించే మాట్లాడుతున్నారు, క్యుబెక్‌ని ఎవరూ పట్టించుకోరేం? 😀 ఇక్కడి గొడవ పూర్తిగా వేరు. వీళ్ళు ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ సంతతి, చుట్టూ ఇంగ్లీషు సముద్రం. 1968లో మిషెల్ త్రాంబ్లే నాటకం "లే బెల్-సెర్" వేసినప్పుడు రంగస్థలం మీద మాంట్రియల్ తూర్పు పేటల ఆడవాళ్ళు తమ యాసలోనే మాట్లాడారు. సగం ఊరు మండిపడింది, సగం ఊరు పండగ చేసుకుంది. కోస్తా, తెలంగాణ యాసల మీద మనవాళ్ళు కొట్టుకున్నది చూసిన ఎవరికైనా ఆ గొడవ ఇట్టే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఈ "స్థిరపడ్డవాళ్ళ" భాష కింద నలిగినవాళ్ళు కూడా ఫ్రెంచ్‌లో రాస్తున్నారు. ఆన్ ఆంతాన్ కపేష్ అనే ఇన్నూ తెగ మహిళ పుస్తకం 1976లో ఇన్నూ, ఫ్రెంచ్ రెండు భాషల్లో వచ్చింది. హైతీ నుంచి వచ్చిన దానీ లఫెరియేర్ ఇక్కడ రచయితై 2013లో ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికయ్యాడు. ఒకే ఊళ్ళో ఇన్ని ఫ్రెంచ్‌లు. ఐదు ఖండాలు ఒక పేపర్‌లో కుక్కితే ఇవన్నీ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది, అదే నా బాధ.

నిజాంపేట_నాని
బాగానే మాట్లాడుతున్నారు, కానీ ఎవరూ ఫీజు మాట ఎత్తడం లేదు.

లియోన్_లలిత
ఎత్తుదాం నానీ. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు ఫ్రాన్స్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మాస్టర్స్ ఫీజు 2019లో ఏడాదికి 3,770 యూరోలు అని పెట్టారు. ఆ తర్వాత కొంచెం పెరిగింది. చాలా యూనివర్సిటీలు అందులో తగ్గిస్తాయి, ప్రతి ఏటా వాళ్ళ సైట్‌లో చూసుకోవాలి. అప్లికేషన్ కాంపస్ ఫ్రాన్స్ అనే ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ద్వారా. సాహిత్యానికి బి2తో సీటు రావచ్చు గానీ బి2తో నెట్టుకురావడం నరకం. ఆ విషయంలో నీ మాటే నా మాట: సి1 ముందు రాయాలి. ఇండియాలోనే ఉంటే యూజీసీ నెట్‌లో ఫ్రెంచ్ ఉంది, జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి డబ్బు బెంగ తగ్గుతుంది.

ఉద్యోగం సంగతి నిజమే, ఎవరూ సెజేర్ గురించి అడగరు. జోలా గురించీ అడగరు కదా, కాబట్టి ఈ రెండు పేపర్ల మధ్య ఎంచుకోవడానికి ఉద్యోగం అడ్డురాదు.

యానాం_కుర్రోడు
కాకినాడ అమ్మాయి గారూ, మీ పక్క ఊరే మాది. 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళ కింద ఉన్న తెలుగు ఊరు. అయినా యానాంలో పుట్టిన నాకు బోదెలేర్ పేరు తెలుసు గానీ సెంబెన్ పేరు ఎవరూ చెప్పలేదు. మాలాగే ఫ్రెంచ్ పాలన చూసిన ఇంకో చోటి రచయితని కదా ముందు చెప్పాల్సింది!

తర్వాత నాకు నేనే చదివాను. ఉస్మాన్ సెంబెన్ సెనెగల్ వాడు, ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో కూలీగా పనిచేసినవాడు. "లే బూ ద బ్వా ద ద్యూ" (1960) లో 1947-48 డకార్-నిజేర్ రైల్వే సమ్మె కథ. నెలల తరబడి జీతాల్లేవు, కుళాయిలు కట్టేశారు. చివరికి ఆడవాళ్ళు థియెస్ నుంచి డకార్ దాకా నడిచి వెళ్తారు. ఒక్క హీరో ఉండడు, ఊరంతా హీరోనే. తన జనంలో ఎక్కువమంది ఫ్రెంచ్ చదవలేరని తర్వాత సినిమాలు తీశాడు, 1968లో అక్కడి జనం మాట్లాడే వోలోఫ్ భాషలోనే ఒకటి తీశాడు. కాలేజీ మెట్లెక్కని నాకే ఇంత పట్టుకుంది, మీకు ఇంకా బాగా పడుతుంది.

కాకినాడ_పిల్ల
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. "లోంగ్ లెత్ర్" నిన్న రాత్రి మొదలుపెట్టాను మాస్టారూ, సగం అయింది. ఆ ఉత్తరం రాసే రామతులాయ్ మీద కోపం వస్తోంది, ఆవిడ అంత మర్యాదగా ఎలా రాస్తోందో అర్థం కావడం లేదు.

ఇంకో సందేహం. డిసర్టేషన్‌కి మారిషస్ తీసుకుంటే ఎలా ఉంటుంది? అక్కడ తెలుగువాళ్ళు ఉన్నారని విన్నాను.

రోజ్‌హిల్_తెలుగు
మారిషస్ నుంచి నమస్కారం. ఉన్నామండీ, ఉగాదికి దేశమంతా సెలవు. నా తెలుగు పుస్తకాల తెలుగు, తప్పులుంటే మన్నించండి. ఇక్కడ ఇంట్లో క్రియోల్, ప్రభుత్వ కాగితాల్లో ఇంగ్లీషు, పేపర్ చదివేది ఫ్రెంచ్‌లో. మా రచయితలు ఎక్కువమంది ఫ్రెంచ్‌లో రాసేది అందుకే. ఫ్రెంచ్ వాళ్ళు 1810లోనే ద్వీపం పోగొట్టుకున్నారు, భాష మాత్రం మిగిలింది.

మీకు దగ్గరగా ఉండేది నతాషా అప్పానా. "లే రోషే ద పూద్ర్ దోర్" (2003) లో చెరకు తోటల కోసం ఇండియా నుంచి ఓడలెక్కిన కూలీల కథ రాసింది. ఇరవై ఏళ్ళ తర్వాత "లా మెమ్వార్ దెలావే" (2023) లో సొంత పూర్వీకుల దగ్గరికి వచ్చింది. వాళ్ళు 1872లో ఇక్కడికి వచ్చారు. ఇంటిపేరు పాతరెడ్డి-అప్పానా అంటే మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఆనంద దేవిని కూడా చదవండి, "ఎవ్ ద సె దెకోంబ్ర్" (2006) పోర్ట్ లూయిస్ పేదపేటలో నలుగురు కుర్రకారు కథ. అందులో ఓడలు, పూర్వీకులు ఏమీ ఉండవు, ఇప్పటి మారిషస్ ఉంటుంది. ఖల్ తోరాబుల్లీ అనే కవి 1992లో నెగ్రిట్యూడ్ వరసలోనే, ఓడల్లో వెళ్ళిన కూలీల వారసత్వాన్ని చాటుతూ "కూలిట్యూడ్" అన్నాడు. మీ మొదటి అధ్యాయానికి అది పనికొస్తుంది.

పాతమాస్టారు
రోజ్‌హిల్ గారికి కృతజ్ఞతలు. అమ్మాయీ, విషయం బాగుంది, కానీ ఇంటిపేరు తెలుగుది కాబట్టి ఆ రచయిత్రిని ఎంచుకోకు. పరీక్షకులు మొదట అడిగే ప్రశ్న అదే. అప్పానావి ఈ రెండు పుస్తకాలే తీసుకో. ఒకటి నవల, రెండోది ఇంటి చరిత్ర. ఒకే గతాన్ని ఒకే మనిషి రెండు రకాలుగా ఎందుకు రాయాల్సి వచ్చింది, నవలలో ధైర్యంగా కల్పించినదాన్ని రెండోదానిలో ఎక్కడ ఆపేసింది, అది చూడు. "మారిషస్ నవలలో భారతీయులు" లాంటి శీర్షిక పెట్టావంటే పదేళ్ళయినా తేలదు.

కాకినాడ_పిల్ల
ఆప్షన్ ఫారం ఇచ్చేశాను, ఫ్రాంకోఫోన్. జోలా వేసవిలో సొంతంగా చదువుకుంటాను. మా లైబ్రరీలో కురుమా ఉంది, జెబార్ లేదు, అప్పానా అసలే లేదు. ఎక్కడ దొరుకుతాయి?

లియోన్_లలిత
అలయన్స్ ఫ్రాంసేజ్‌లో సభ్యత్వం తీసుకుని "కుల్త్యూర్‌తెక్" లాగిన్ గురించి అడుగు. ఆన్‌లైన్ లైబ్రరీ, ఫ్రెంచ్ పుస్తకాలు, పత్రికలు బోలెడుంటాయి. లేనివి చెప్పు, డిసెంబర్‌లో వస్తున్నాను, పాకెట్ ఎడిషన్లు తెస్తాను.

నిజాంపేట_నాని
సి1 డేట్ బుక్ చేసుకున్నావా లేదా, అది చెప్పు ముందు.

కాకినాడ_పిల్ల
చేస్తా అన్నా 🙏 మొదటి నెలలోనే క్లాస్ ప్రెజెంటేషన్ ఉందట. సెజేర్ మీద ఇద్దామనుకుంటున్నాను మాస్టారూ.

పాతమాస్టారు
వద్దు. క్లాసులో సగం మంది అదే ఇస్తారు. ఆ నెగ్రిట్యూడ్ ముగ్గురిలో జనం అంతగా పట్టించుకోని దమాస్‌ని తీసుకో. ఆయన కవితల పుస్తకం "పిగ్మాఁ" 1937లో వచ్చింది, రెండేళ్ళకే ఫ్రెంచ్ ప్రభుత్వం నిషేధించింది. చిన్న చిన్న పాదాలు, మాటలు తిరిగి తిరిగి వస్తూ ఉంటాయి, జాజ్ దరువు వినిపిస్తుంది. ముందు ఒక కవిత గట్టిగా పైకి చదివి వినిపించు, వ్యాఖ్యానం తర్వాత.